బిషప్ లైసెన్సు, ప్రిఫెక్చర్ రసీదు: ఫ్రాన్స్‌లోని ఆంగ్లికన్ చర్చిని నడిపేది ఎవరు?

ప్రశ్న: మాది నంద్యాల. సి.ఎస్.ఐ. సంఘంలో పుట్టి పెరిగాను. ఉద్యోగరీత్యా ఫ్రాన్స్‌లో ఒక పెద్ద నగరంలో ఉంటూ, అక్కడ ఇంగ్లీషులో ఆరాధన జరిగే ఆంగ్లికన్ చర్చికి కుటుంబంతో సహా వెళుతున్నాను. ఈ ఏడాది నన్ను ట్రెజరర్‌గా ఉండమని అడిగారు. తీరా చూస్తే, సంతకం పెట్టమని ఇచ్చిన కాగితం మీద ఉన్నది చర్చి పేరు కాదు, 1905 చట్టం కింద నమోదైన ఒక అసోసియేషన్ పేరు. దాన్ని ప్రిఫెక్చర్‌కు, అంటే జిల్లా స్థాయి ప్రభుత్వ కార్యాలయానికి, పంపాలట. వార్షిక సమావేశం రోజున ఒకే హాల్లో, అదే మనుషులతో, ఒకదాని వెంట ఒకటి రెండు సమావేశాలు జరిగాయి. మా పదిహేడేళ్ల అమ్మాయి మొదటి దానిలో చెయ్యెత్తి ఓటు వేసింది, రెండో దానిలో ఎత్తకూడదన్నారు. మా చర్చి గురువు చాప్లిన్ గారు వేసవిలో వెళ్లిపోతున్నారు. కొత్తవారిని బిషప్ గారే పంపుతారని కొందరు, ఫ్రెంచి చట్టం ముందు బిషప్ గారి మాట చెల్లదు, సభ్యుల ఓటే చెల్లుతుందని మరికొందరు వాదించుకుంటున్నారు. ఇంతకీ ఈ చర్చిని నడిపేది ఎవరు? రేపు అప్పులైతే నా జీతం మీద పడుతుందా? భారతీయ పౌరుణ్ణి, ఇలాంటి పదవిలో ఉండవచ్చా?
– ఒక పాఠకుడు (పేరు ప్రచురించవద్దని కోరారు)

సమాధానం: అప్పు మీ జీతం మీదకు వస్తుందేమోనన్న భయం మీ ఉత్తరంలో కనిపిస్తోంది కాబట్టి ముందు దానికే జవాబు చెబుతాను. మామూలు పరిస్థితుల్లో రాదు. ఫ్రాన్స్‌లో సక్రమంగా నమోదైన అసోసియేషన్‌ను చట్టం ఒక ప్రత్యేక వ్యక్తిగా చూస్తుంది. ఆ వ్యక్తి చేసిన అప్పుకు ఆ వ్యక్తి ఆస్తే పూచీ, సభ్యుల ఆస్తి కాదు. పదవిలో ఉన్నవారు సొంతంగా చిక్కుకునే సందర్భాలు కొన్ని ఉన్నాయి: బ్యాంకుకు వ్యక్తిగత హామీ రాసి ఇచ్చినప్పుడు, డబ్బు దారి మళ్లించడం వంటి నేరం చేసినప్పుడు, అసోసియేషన్ దివాలా తీసి, అందుకు పాలకుల తప్పుడు నిర్వహణే కారణమని కోర్టు తేల్చినప్పుడు. ఈ మూడో సందర్భంలో కూడా జీతభత్యాలు లేకుండా పనిచేసేవారికి 2021 జులై 1 నాటి చట్టం కొంత రక్షణ కల్పించింది; కేవలం అజాగ్రత్త వల్ల జరిగిన పొరపాటుకు వారి చేత లోటు పూడ్పించకూడదని అది చెబుతుంది. అందువల్ల మీరు జాగ్రత్త పడవలసింది పదవి విషయంలో కాదు, హామీ పత్రాల విషయంలో. చర్చి కారు కోసమో, చాప్లిన్ గారి ఇంటి అద్దె కోసమో మీ పేరు మీద పూచీ ఉండమని ఎవరైనా అడిగితే మర్యాదగానే కాదనండి.

ఇక అసలు విషయానికి వస్తే, మీ చర్చిలో వాదించుకుంటున్న రెండు వర్గాలదీ చెరి సగం నిజం. ఒక వర్గం మీ చర్చిని ఇంగ్లండ్ చర్చికి చెందిన ఒక సంఘంగా మాత్రమే చూస్తోంది. రెండో వర్గం దాన్ని ఫ్రాన్స్‌లో నమోదైన ఒక అసోసియేషన్‌గా మాత్రమే చూస్తోంది. అది ఏకకాలంలో రెండూ. నేను ఇక్కడ సంఘం అన్నప్పుడు ఆరాధనకు వచ్చే విశ్వాసుల సమూహమని, అసోసియేషన్ అన్నప్పుడు చట్టం గుర్తించిన సంస్థ అని గ్రహించగలరు. ఈ తేడా పాటించకపోతే కింద చెప్పేదంతా కలగాపులగమవుతుంది.

సంఘం వైపు నుంచి చూద్దాం. యూరప్ ఖండంలోని ఇంగ్లండ్ చర్చి సంఘాలన్నీ ఒకే డయోసిస్ (ఒక బిషప్ పాలనలోని మండలం) కిందకు వస్తాయి. 1842లో ఏర్పడిన జిబ్రాల్టర్ డయోసిస్‌ను, ఉత్తర, మధ్య యూరప్‌లో ఫుల్హమ్ బిషప్ చూసుకుంటూ వచ్చిన ప్రాంతాన్ని కలిపి 1980లో దీన్ని ఏర్పాటు చేశారు. మొరాకో నుంచి మాస్కో దాకా విస్తరించిన ఈ డయోసిస్‌లో మీ సంఘాన్ని పారిష్ అనరు, చాప్లిన్సీ అంటారు. దాని గురువు చాప్లిన్. చాప్లిన్‌కు లైసెన్సు ఇచ్చేది బిషప్. చాప్లిన్సీ కౌన్సిల్, చర్చివార్డెన్లు అనే సంఘ పెద్దలు, ఎలక్టోరల్ రోల్ అనే సభ్యుల పట్టిక, ఏటా జరిగే వార్షిక సమావేశం, ఇవన్నీ ఇంగ్లండ్ చర్చి ప్రాతినిధ్య నియమాలనూ, ఆ డయోసిస్ సొంత రాజ్యాంగాన్నీ అనుసరించి నడుస్తాయి. మన పాస్టరేట్ కమిటీకీ ఈ కౌన్సిల్‌కూ పోలిక బాగానే కుదురుతుంది.

అయితే ఒక విషయంలో మాత్రం మన అనుభవం మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఇంగ్లండ్‌లో ఆంగ్లికన్ చర్చి చట్టరీత్యా స్థాపితమైన అధికారిక చర్చి; రాజు గారు దానికి పాలకుడు, దాని సినడ్ అనే పాలక సభ చేసే మెజర్లు అనే శాసనాలకు పార్లమెంటు చట్టాలతో సమానమైన బలం ఉంది. ఫ్రాన్స్ తీరంలోని కాలే అనే రేవు దాటగానే ఆ బలం ఉండదు. ఫ్రెంచి న్యాయమూర్తి దృష్టిలో ఇంగ్లండ్ చర్చి కానన్లు, అంటే చర్చి శాసనాలు, ఒక మత సంస్థ తనకు తాను పెట్టుకున్న అంతర్గత నియమాలే. వాటికి ఫ్రాన్స్‌లో విలువ రావాలంటే ఫ్రెంచి చట్టం ఒప్పుకునే ఒక పత్రంలోకి అవి ఎక్కాలి. ఆ పత్రమే మీ అసోసియేషన్ నియమావళి. మీ తగాదా మొత్తానికి జవాబు బహుశా ఆ కొద్ది పేజీల్లోనే ఉంది. సాధారణంగా ఇలాంటి చోట్ల వాదించుకునేవారిలో దాన్ని చదివినవారు ఒకరిద్దరికి మించి ఉండరు.

ఇప్పుడు అసోసియేషన్ వైపు. 1905 డిసెంబర్ 9 నాటి చట్టంతో ఫ్రాన్స్ మతాన్ని రాజ్యం నుంచి వేరు చేసింది. ప్రభుత్వం ఏ మతాన్నీ గుర్తించదు, ఏ గురువుకూ జీతం ఇవ్వదు, ఏ ఆరాధనకూ సబ్సిడీ ఇవ్వదు అని ఆ చట్టం రెండో అధికరణం చెబుతుంది. అదే సమయంలో ఆరాధన నడుపుకోవడానికి ఒక చట్టబద్ధమైన గూడు కల్పించింది. దాన్ని ఫ్రెంచివారు అసోసియేషన్ క్యుల్తుయెల్ అంటారు. ఆరాధన కోసమే ఏర్పడిన అసోసియేషన్ అన్నమాట. 1901 నాటి సాధారణ అసోసియేషన్ల చట్టమే దీనికి పునాది. ఆ పైన 1905 చట్టం అదనపు షరతులు, అదనపు సౌకర్యాలు చేర్చింది. చర్చికి విల్లు రాసిచ్చిన ఆస్తిని పన్ను లేకుండా స్వీకరించడం, కానుకలిచ్చినవారికి ఆదాయపు పన్ను రసీదు ఇవ్వడం ఆ సౌకర్యాల్లో ముఖ్యమైనవి.

బిషప్ మాట చెల్లదనే మీ మిత్రులకు ఈ చట్టం చరిత్రలో ఒక ముక్క వినిపించాలి. 1905లో కథోలికులను భయపెట్టిన ప్రశ్న కూడా సరిగ్గా ఇదే: సామాన్య విశ్వాసులు ఓట్లేసుకుని నడిపే అసోసియేషన్ చేతికి చర్చి వెళితే బిషప్ ఏమైపోతారు? ఆ భయాన్ని పోగొట్టడానికే, పాత చర్చి ఆస్తులను ఎవరికి అప్పగించాలో చెప్పే నాలుగో అధికరణంలో ఒక షరతు చేర్చారు. ఏ మతం ఆరాధన నిర్వహించాలని అసోసియేషన్ తలపెట్టిందో ఆ మతం సాధారణ వ్యవస్థా నియమాలకు అది లోబడి ఉండాలి అని దాని భావం. అయినా పోపు పదో పయస్ 1906లో ఒప్పుకోలేదు. 1924లో బిషప్ అధ్యక్షతన నడిచే డయోసిస్ అసోసియేషన్లు అనే వేరే రూపం వచ్చాకే కథోలికులు ఆ చట్టం గొడుగు కిందకు వచ్చారు. ప్రొటెస్టెంట్లు, యూదులు మాత్రం మొదటి నుంచే ఈ అసోసియేషన్లు పెట్టుకున్నారు, ఎందుకంటే పెద్దల సభలు, ఓట్లు వారికి కొత్త కాదు. ఆంగ్లికన్లది ఈ రెంటికీ నడిమి స్థితి. వారికి బిషప్పూ ఉన్నారు, ఓట్లూ ఉన్నాయి. మీ హాల్లో జరిగిన వాదన నూట ఇరవై ఏళ్ల నాటిదే.

ఆ షరతు వల్ల తేలేదేమిటంటే, ఆంగ్లికన్ ఆరాధన కోసం ఏర్పడ్డానని నియమావళిలో రాసుకున్న అసోసియేషన్, బిషప్ లైసెన్సు లేని వ్యక్తిని తెచ్చి బలిపీఠం దగ్గర నిలబెడితే తన ఉద్దేశాన్ని తానే ఉల్లంఘించినట్టవుతుంది. అసంతృప్తి చెందిన సభ్యుడెవరైనా కోర్టుకు వెళితే, ఆంగ్లికన్ సిద్ధాంతం ఏమంటుందో న్యాయమూర్తి చర్చించరు. నియమావళిలో మీరే రాసుకున్న మాట మీరు పాటించారా అని మాత్రం అడుగుతారు. బిషప్ మాట చెల్లదన్న వాదన అక్కడ నిలవదు.

అలాగని ఓటుకు విలువ లేదనుకోకూడదు. 2021 ఆగస్టు 24 నాటి చట్టం 1905 చట్టాన్ని బాగా సవరించింది. దాని ప్రకారం నాలుగు విషయాల మీద నిర్ణయం తీసుకునే సభ ఒకటి అసోసియేషన్‌లో ఉండి తీరాలి: కొత్త సభ్యులను చేర్చుకోవడం, నియమావళిని మార్చడం, అసోసియేషన్ స్థిరాస్తిని అమ్మడం, ఇక అసోసియేషనే గురువును నియమించుకుంటున్నట్లయితే ఆ నియామకం. మీ మిత్రులు పట్టుకున్నది ఈ నాలుగో మాటనే. కానీ అక్కడ నియామకమంటే ఈ వ్యక్తికి ఇంత భృతి ఇస్తాం, ఈ ఇల్లు ఇస్తాం అని అసోసియేషన్ తన డబ్బును కట్టుబాటు చేసుకోవడం. పరిచర్య చేసే అధికారం ఇవ్వడం దానిలో భాగం కాదు. అది లైసెన్సు పని. బ్యాంకు లాకరు తెరవాలంటే బ్యాంకు తాళంచెవీ మన తాళంచెవీ రెండూ తిరగాలి కదా, ఇదీ అలాంటిదే. బిషప్ లైసెన్సు ఇచ్చినా అసోసియేషన్ భృతి తీర్మానం చేయకపోతే ఆ చాప్లిన్ గారు ఫ్రాన్స్‌లో బతకలేరు. అసోసియేషన్ తీర్మానం చేసినా లైసెన్సు లేకపోతే ఆయన సంస్కారాలు జరపలేరు.

ఆచరణలో ఈ రెండూ ఢీకొనడం అరుదు, ఎందుకంటే చాప్లిన్ ఎంపికలో సంఘం ప్రతినిధులకు మొదటి నుంచీ పాత్ర ఉంటుంది. సంఘం తన అవసరాలు వివరిస్తూ ఒక పత్రం తయారు చేస్తుంది, ప్రకటన వెలువడుతుంది, ఇంటర్వ్యూల్లో ప్రతినిధులు కూర్చుంటారు. కొన్ని చాప్లిన్సీలకు గురువును ప్రతిపాదించే హక్కు బిషప్‌కు కాక, ఇంటర్‌కాంటినెంటల్ చర్చ్ సొసైటీ వంటి సంస్థకు ఉంటుంది. మీది అలాంటిదేమో కనుక్కోండి. పాత చాప్లిన్ వెళ్లి కొత్తవారు వచ్చేలోపు ఆదివారాలు ఖాళీ పోకుండా చూసే బాధ్యత, బిషప్‌కు సహాయకుడైన ఆర్చ్‌డీకన్ గారి సలహాతో చర్చివార్డెన్ల మీద పడుతుంది. ట్రెజరర్‌గా మీరు చేయవలసింది ఒక్కటే: లైసెన్సు తేదీ నిర్ణయం కాకముందే భృతి, ఇల్లు, ప్రయాణ ఖర్చులకు సంబంధించిన తీర్మానం సర్వసభ్య సమావేశం ముందుకో, నియమావళి ఏ సభను పేర్కొంటే ఆ సభ ముందుకో వచ్చేలా చూడటం. ఇంకొక మాట. ఫ్రెంచి కోర్టులు మత గురువును సాధారణంగా అసోసియేషన్ ఉద్యోగిగా చూడవు. ఆయన చేసేది పరిచర్య, కూలికి చేసే పని కాదన్నది వాటి వైఖరి. అందువల్ల మామూలు ఉద్యోగ ఒప్పందం నమూనా తెచ్చి చాప్లిన్ గారి పేరు నింపేయకండి. మీ దగ్గర గంటల లెక్కన పనిచేసే ఆఫీసు సహాయకురాలు ఉంటే మాత్రం ఆమె మామూలు ఉద్యోగే, ఆమెకు కార్మిక చట్టం పూర్తిగా వర్తిస్తుంది.

మీ అమ్మాయి చెయ్యి సంగతి కూడా ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది. మొదట జరిగింది సంఘం వార్షిక సమావేశం. దానిలో ఓటు ఎలక్టోరల్ రోల్‌లో పేరున్నవారిది. బాప్తిస్మం పొంది పదహారేళ్లు నిండినవారు ఆ రోల్‌లో చేరవచ్చు. ఇంగ్లండ్ చర్చితో సహవాసంలో ఉన్న చర్చి కాబట్టి సి.ఎస్.ఐ. సభ్యత్వానికి అక్కడ పూర్తి గౌరవం ఉంది. అదే బాప్టిస్టు సంఘం నుంచో, ఆంధ్ర లూథరన్ సంఘం నుంచో వచ్చిన మన తెలుగువారైతే ఆరు నెలలు క్రమంగా ఆరాధనకు వచ్చి ఉండాలి. రెండోది అసోసియేషన్ సర్వసభ్య సమావేశం. 1905 చట్టం కింద ఏర్పడిన అసోసియేషన్‌లో సభ్యులు మేజర్లు అయి ఉండాలి, కనీసం ఏడుగురు ఉండాలి, నియమావళి పేర్కొన్న ప్రాంతంలో నివసించేవారై ఉండాలి. పదిహేడేళ్ల అమ్మాయికి మొదటి హక్కు ఉంది, రెండోది లేదు. ఆమెను ఆపినవారు సరిగ్గానే ఆపారు. అందరి ముందూ చెయ్యి దించమనే బదులు ముందుగానే ఒక మాట చెప్పి ఉంటే బాగుండేది.

ఈ తేడా పిల్లలతోనే ఆగదు. పదవీ విరమణ చేసి ఇంగ్లండ్ తిరిగి వెళ్లిపోయిన పాత సభ్యులు ఆ సంఘం మీద మమకారంతో పేరు ఉంచుకోవాలనుకుంటారు; నివాసం మారిపోయాక అసోసియేషన్ సభ్యులుగా వారి స్థానం ప్రశ్నార్థకమవుతుంది. ఎలక్టోరల్ రోల్‌లో ఉన్న వ్యక్తి దానంతట అదే అసోసియేషన్ సభ్యుడు కాడు, ఎందుకంటే ప్రతి కొత్త సభ్యుణ్ణీ చేర్చుకుంటూ నిర్ణయం జరగాలని 2021 సవరణ కోరుతోంది. పైగా రోల్‌ను ఆరేళ్లకోసారి మొదటి నుంచి కొత్తగా రాస్తారు. 2019లో అలా రాశారు, 2025లో మళ్లీ రాశారు. అసోసియేషన్ జాబితాకు అలాంటి గడువు లేదు, దానిలో ఎప్పుడో వెళ్లిపోయినవారి పేర్లు అలాగే మిగిలిపోతాయి. ఇంటి అమ్మకం వంటి పెద్ద తీర్మానం మీద స్వల్ప తేడాతో ఓటు తేలిన రోజున ఎవరో ఒకరు ఈ జాబితాలు పక్కపక్కన పెట్టి చూస్తారు. ఆ రోజు రాకముందే మీ కార్యదర్శి గారితో కూర్చుని మీరే ఆ పని చేయండి. రెండు సమావేశాలకూ వేర్వేరు హాజరు పట్టికలు, వేర్వేరు మినిట్సు ఉండాలి. అసోసియేషన్ మినిట్సు ఫ్రెంచిలో ఉండటం మంచిది, ఎందుకంటే వాటిని చదివేది బ్యాంకు, ప్రిఫెక్చర్, నోటరీ. జాబితాలు వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ఒక మనిషి ఏ మతస్థుడో తెలిపే సమాచారాన్ని యూరప్ డేటా రక్షణ చట్టం ప్రత్యేక జాగ్రత్త అవసరమైన సమాచారంగా పరిగణిస్తుంది.

డబ్బు విషయం మీ పదవికి సంబంధించింది కాబట్టి దాని మీద కాస్త ఎక్కువ చెబుతాను. ఏటా లెక్కలు తయారు చేసి సర్వసభ్య సమావేశం ఆమోదం పొందడం 1905 చట్టం మొదటి నుంచీ విధించిన బాధ్యత. ఇక విదేశీ డబ్బు. మన దేశంలో చర్చి ట్రెజరర్లకు ఎఫ్.సి.ఆర్.ఎ., అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, గురించి చెప్పనక్కర లేదు. విదేశీ విరాళం ముట్టాలంటే ముందుగా రిజిస్ట్రేషన్ ఉండాలి. ఫ్రాన్స్‌లో పద్ధతి వేరు. ముందస్తు అనుమతి అక్కర లేదు కానీ, విదేశీ ప్రభుత్వం నుంచో, విదేశీ సంస్థ నుంచో, ఫ్రాన్స్‌లో నివసించని వ్యక్తి నుంచో వచ్చిన డబ్బు 15,300 యూరోలు దాటితే ప్రభుత్వానికి తెలియజేయాలి. సమాజపు మౌలిక ప్రయోజనాలకు నిజమైన, తీవ్రమైన ముప్పు ఉందనుకుంటే ప్రభుత్వం అభ్యంతరం చెప్పవచ్చు. 2021లో ఈ నిబంధన పెట్టినప్పుడు శాసనకర్తల మనసులో ఉన్నది ఇంగ్లీషు చాప్లిన్సీలు కావు. అయినా చట్టం అందరికీ ఒకటే కాబట్టి పైకప్పు మరమ్మతుకు లండన్‌లోని ఒక ట్రస్టు పంపిన పెద్ద మొత్తం కూడా దీని కిందకే వస్తుంది. ఇంగ్లండ్‌కు, ఫ్రాన్స్‌కు నడుమ నిత్యం డబ్బు అటూ ఇటూ నడిచే సంఘం కనుక, ఎక్కడి నుంచి వచ్చిందో ప్రతి పద్దు పక్కనా రాయడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి.

పన్ను రసీదు ఇచ్చే అధికారాన్ని కూడా జాగ్రత్తగా వాడాలి. ఫ్రాన్స్‌లో ఆదాయపు పన్ను కట్టే వ్యక్తి ఇలాంటి అసోసియేషన్‌కు వంద యూరోలు ఇస్తే, అరవై ఆరు యూరోలు తన పన్నులో తగ్గించుకోవచ్చు. పన్ను విధించదగిన ఆదాయంలో ఇరవై శాతం దాకా ఈ లెక్క వర్తిస్తుంది. దాత పేరు తెలిసిన చెక్కుకో, బ్యాంకు బదిలీకో రసీదు ఇవ్వండి. కానుకల సంచిలో పడిన నోట్లకు, ఫలానా వారే వేశారని నలుగురూ సాక్ష్యం చెప్పినా ఇవ్వకండి.

మీ అసోసియేషన్ 1905 చట్టం కిందే ఉందని రాశారు. అంటే దాని పని ఆరాధన మాత్రమే అయి ఉండాలి; ఇతర కార్యక్రమాలు దానికి అనుబంధంగా, చిన్న స్థాయిలో ఉండాలి. నెలకొకసారి తెలుగు ఆరాధన పెట్టుకుంటే అది ఆరాధనే, చాప్లిన్ గారి అనుమతి ఉంటే చాలు. ఆ చర్చి హాల్లో, ఆ చర్చి ఖాతాతో, నగరంలోని తెలుగువారందరికీ ఉగాది భోజనాలు, పిల్లలకు కూచిపూడి తరగతులు మొదలుపెడితే మాత్రం అది ఆరాధన పరిధి దాటుతుంది. అందుకే చాలా చర్చిలు సాంస్కృతిక, సామాజిక కార్యక్రమాలకు 1901 చట్టం కింద వేరే అసోసియేషన్ పెట్టుకుని, లెక్కలు విడిగా రాస్తాయి. 1907 నాటి మరో చట్టం వల్ల 1901 అసోసియేషన్ కూడా ఆరాధన నిర్వహించవచ్చు కాబట్టి కొన్ని సంఘాలు ఆ ఒక్కదానితోనే సరిపెట్టుకుంటాయి. 2021 తర్వాత అలాంటి మిశ్రమ అసోసియేషన్ల మీదా నిఘా పెరిగింది. స్ట్రాస్‌బర్గ్ వైపు ఉన్న మిత్రులెవరైనా మా దగ్గర ఇదేమీ లేదంటే నమ్మండి: 1905లో అల్సాస్, మొజెల్ ప్రాంతాలు జర్మనీ కింద ఉండటం వల్ల ఈ చట్టం అక్కడికి చేరనే లేదు. అక్కడ కథోలిక, లూథరన్, రిఫార్మ్డ్, యూదు గురువులకు ఇప్పటికీ ప్రభుత్వమే జీతం ఇస్తుంది. ఆంగ్లికన్లు ఆ నాలుగింటిలో లేరు కాబట్టి స్థానిక అసోసియేషన్ చట్టం కింద కోర్టులో నమోదు చేసుకుంటారు.

ఆస్తి ఎవరిదన్నది మరో ముడి. మనకు సి.ఎస్.ఐ. ఆస్తులు అనగానే, 1913 కంపెనీల చట్టం కింద ఏర్పడిన ట్రస్ట్ అసోసియేషన్ గుర్తొస్తుంది. స్థానిక పాస్టరేట్ ఆ భవనాన్ని వాడుకుంటుంది, సొంతదారు వేరు. ఫ్రాన్స్‌లో చాప్లిన్సీకో తీరు ఉంటుంది. కొన్ని చోట్ల భవనం స్థానిక అసోసియేషన్ పేరు మీద, కొన్ని చోట్ల ఇంగ్లండ్‌లోని ఏదో సంస్థ పేరు మీద ఉంటుంది, కొన్ని సంఘాలు కథోలిక చర్చిలోనో ప్రొటెస్టెంట్ మందిరంలోనో అద్దెకు ఆరాధన జరుపుకుంటాయి. బీమా పాలసీ, ఆస్తి పన్ను నోటీసు ఎవరి పేరు మీద వస్తున్నాయో చూస్తే సంగతి కొంత తెలుస్తుంది. వాటికీ నోటరీ దస్తావేజుకూ పొంతన కుదరకపోతే పదవి చేపట్టకముందే అడగండి.

మీ పౌరసత్వం అడ్డు కాదు. ఒకప్పుడు విదేశీయులు నడిపే అసోసియేషన్లకు 1939 నాటి డిక్రీ ప్రకారం హోం మంత్రి ముందస్తు అనుమతి కావలసి వచ్చేది; 1981 అక్టోబర్ 9 నాటి చట్టంతో అది రద్దయింది. చట్టబద్ధంగా నివసిస్తున్న భారతీయుడు ట్రెజరరే కాదు, అధ్యక్షుడూ కావచ్చు. అది వేతనం లేని సేవ కాబట్టి మీ ఉద్యోగ అనుమతితోనూ దానికి సంబంధం లేదు.

కాబట్టి పదవి తీసుకోండి. కానీ సంతకం పెట్టే ముందు మూడు కాగితాలు అడిగి ఇంటికి తెచ్చుకుని చదవండి. మొదటిది ప్రస్తుతం అమల్లో ఉన్న నియమావళి. అందులో డయోసిస్ పేరు, బిషప్ అధికారం ప్రస్తావనకు వచ్చాయో లేదో, అసోసియేషన్ అధ్యక్షుడు చాప్లిన్ గారా లేక సామాన్య సభ్యులలో ఒకరా, ట్రెజరర్ ఒక్కరే ఎంత మొత్తం దాకా చెల్లించవచ్చో చూడండి. అధ్యక్ష పదవి చాప్లిన్ గారిదే అయితే, వేసవిలో ఆయన వెళ్లాక అసోసియేషన్ తరఫున ఎవరు సంతకం చేస్తారన్న ప్రశ్నకు అందులో జవాబు ఉండాలి. లేకపోతే ఆయన వెళ్లేలోపే సర్వసభ్య సమావేశం పెట్టి సవరించుకోవాలి. రెండోది ఆరాధనా అసోసియేషన్ హోదాకు సంబంధించి ప్రిఫెక్చర్‌కు ఇచ్చిన ప్రకటన. 2021 సవరణ తర్వాత అది అయిదేళ్లకోసారి పునరుద్ధరించుకోవలసింది, గడువు తప్పితే పన్ను సౌకర్యాలకే ఎసరు వస్తుంది. మూడోది గత సంవత్సరం ఆమోదించిన లెక్కలు, వాటిని ఆమోదించిన మినిట్సు.

కార్యవర్గం మారిన సంగతి మూడు నెలల లోపు ప్రిఫెక్చర్‌కు తెలపాలి. తెలిపాక వచ్చే రసీదు ప్రతిని, మిమ్మల్ని ఎన్నుకున్న మినిట్సును, నియమావళిని బ్యాంకు అడుగుతుంది; అవన్నీ చేరి ఖాతా మీ పేరుకు మారేదాకా పాత ట్రెజరర్ సంతకమే చెల్లుతుంది. ఆయన కూడా వేసవిలో ఇంగ్లండ్ వెళ్లేవారైతే, టికెట్టు కొనుక్కోకముందే ఇద్దరూ కలిసి బ్యాంకుకు వెళ్లి రండి.